ఫ్లాట్‌ప్యాక్ ఫర్నిచర్‌లో చెడిపోయిన పలకను బాగుచేసుకోవడం, మార్చుకోవడం ఎలా?

పెట్టెలో విడి పలకలుగా వచ్చి ఇంట్లో బిగించుకునే బీరువాలు, పుస్తకాల అరలు, టీవీ యూనిట్లు సాధారణంగా మొత్తంగా పాడైపోవు. ఏదో ఒక పలక అడుగున ఉబ్బుతుంది, ఒక తలుపు కీలు ఊడివస్తుంది, ఒక అర నడుమ కుంగుతుంది. ఆ ఒక్క పలక కోసం వస్తువంతా పారేయాలా, వడ్రంగిని పిలిస్తే ‘ఇది కంపెనీ మాల్, మేం ముట్టుకోం’ అంటున్నాడు, మేమే చేసుకోవచ్చా అని చాలామంది అడుగుతున్నారు. చేసుకోవచ్చు. పలకను కోయించడం కష్టమేమీ కాదు. దాని మీద రంధ్రాలు సరైన చోట, సరైన లోతున పడేలా చూసుకోవడంలోనే ఈ పని నాణ్యత ఉంది. అందువల్ల ఈ మార్గదర్శిలో ఎక్కువ భాగం కొలతలకే కేటాయించాను. ఉదాహరణగా, అడుగున నీరు పట్టి ఉబ్బిన రెండు తలుపుల బీరువా పక్క పలకను తీసుకున్నాను.

1. పలక దేనితో చేసినదో, ఎందుకు చెడిందో చూడండి

స్క్రూ తీసిన రంధ్రంలోకి టార్చి వేసి చూస్తే పలక రకం తెలిసిపోతుంది. లోపల ఇడ్లీ రవ్వలా పలుకులు పలుకులుగా కనిపిస్తే అది పార్టికల్ బోర్డు. నున్నగా, ఒకే గోధుమ రంగులో, పొరలు లేకుండా ఉంటే ఎండీఎఫ్. పలక దళసరిగా ఉండి కూడా తేలిగ్గా ఉంటే, వేలి కణుపుతో తట్టినప్పుడు డొల్లగా మోగితే, లోపల తేనెపట్టు ఆకారంలో అట్ట నింపిన పలక అని అర్థం. ఈ డొల్ల పలకలో చుట్టూ ఉన్న చట్రానికే బలం ఉంటుంది కాబట్టి, నడుమ ఎక్కడ స్క్రూ బిగించినా నిలవదు.

తరువాత కారణం వెతకాలి. కారణం అలాగే ఉంటే కొత్త పలకకూ అదే గతి పడుతుంది. మన ఇళ్లలో పలకల అడుగు ఉబ్బడానికి ప్రధాన కారణం రోజూ తడిబట్టతో నేల తుడవడం, పండక్కి బకెట్లతో నీళ్లు పోసి ఇల్లు కడగడం. బయటికి కనిపించే అంచులకు ఫ్యాక్టరీలో పట్టీ అతికించినా, నేలకు ఆనే అడుగు అంచును చాలా వస్తువుల్లో పచ్చిగానే వదిలేస్తారు. నీరు అక్కడి నుంచే ఎక్కుతుంది. విశాఖపట్నం, కాకినాడ వంటి తీరప్రాంతపు ఊళ్లలో గాలిలోని తేమ కూడా దీనికి తోడవుతుంది.

బీరువా వెనక గోడకు అవతల స్నానాలగది ఉంటే గోడ చెమ్మగా ఉందేమో చేత్తో తాకి చూడండి. పలక మీద మట్టి చారలు, లోపల గుల్లతనం కనిపిస్తే అది చెదల పని. చెదలు పట్టిన పలకను బాగుచేసే ప్రయత్నం వద్దు. దాన్ని తీసేసి, గోడకు, నేలకు చెదల మందు కొట్టించిన తరువాతే కొత్త పలక బిగించాలి.

2. బాగుచేయాలా, మార్చాలా?

ఉబ్బిన పార్టికల్ బోర్డు ఎండిన తరువాత కూడా తిరిగి పాత మందానికి రాదు. దీన్ని ముందే ఒప్పుకుంటే నిర్ణయం తేలికవుతుంది. పలకను వారం పది రోజులు నీడలో, గాలి తగిలేచోట ఆరనిచ్చి, ఉబ్బిన చోట స్క్రూడ్రైవర్ మొనతో నొక్కి చూడండి.

- మొన దిగకుండా గట్టిగా తగిలి, ఉబ్బు 1–2 మి.మీ. లోపే ఉండి, దగ్గరలో బిగింపు రంధ్రాలు లేకపోతే బాగుచేయవచ్చు.
- మొన దిగి పొడి రాలితే, లేదా ఉబ్బు బిగింపు రంధ్రం దాకా పాకితే మార్చాలి.
- బరువు మోసే పక్క పలకలు, అడుగు పలక, అరల విషయంలో అనుమానం ఉంటే మార్చడమే మంచిది. సొరుగు ముఖం, అడుగు పట్టీ వంటివి చూడటానికి బాగుంటే చాలు.
- పలక అడ్డంగా పగిలితే జిగురుతో అతికించి బరువు మోయించకండి.

కొత్త పలక చేయించే ముందు కంపెనీని ఒకసారి అడగండి. వారంటీ గడువులో ఉంటే కొన్ని కంపెనీలు పలకనే పంపుతాయి. ఐకియా వంటి సంస్థల బిగింపు పుస్తకాల్లో ప్రతి స్క్రూ, లాక్ బొమ్మ పక్కన ఒక సంఖ్య ఉంటుంది. పోయిన చిన్న భాగాల కోసం ఆ సంఖ్యతో అడగవచ్చు. పలకలు దొరకడం మాత్రం అరుదు.

3. దగ్గర పెట్టుకోవలసినవి

- మి.మీ. గీతలున్న స్టీలు స్కేలు, టేపు, మూలమట్టం, వీలైతే వెర్నియర్ కాలిపర్
- ఎల్-కీలు, స్టార్ స్క్రూడ్రైవర్లు, రబ్బరు సుత్తి, దబ్బనం
- డ్రిల్లింగ్ మెషిన్, చెక్క పనికి వాడే 3, 5, 8 మి.మీ. బిట్లు, మినీఫిక్స్ (పలకలను కలిపి బిగించే గుండ్రని లాక్) రంధ్రాలు కూడా వేయాలంటే 15 మి.మీ., కీళ్లకైతే 35 మి.మీ. కట్టర్
- ఫెవికాల్ వంటి తెల్ల జిగురు, అరాల్డైట్ వంటి రెండు ట్యూబుల ఎపాక్సీ, ఎం-సీల్
- 8 మి.మీ. చెక్క డోవెల్స్ (రెండు పలకల రంధ్రాల్లో దూర్చే గుండ్రని చెక్క పుల్లలు), 120, 220 నంబరు ఉప్పుకాగితం, నాలుగు క్లాంపులు, మాస్కింగ్ టేపు
- కళ్లద్దాలు, ముక్కుకు ఎన్95 మాస్కు

మాస్కును తేలిగ్గా తీసుకోకండి. ఈ బోర్డుల్లో చెక్కను పట్టి ఉంచేది ఎక్కువగా యూరియా ఫార్మాల్డిహైడ్ రెసిన్. కోసినప్పుడు, గీకినప్పుడు లేచే సన్నని పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు.

స్క్రూడ్రైవర్ గురించి ఒక మాట. చాలా ఫ్లాట్‌ప్యాక్ స్క్రూల తల మీద ప్లస్ గుర్తుతో పాటు, దాని మూలల్లో నాలుగు సన్నని గీతలు కనిపిస్తాయి. అది పోజిడ్రైవ్ రకం. దానికి పీజెడ్2 బిట్ వాడాలి. మామూలు స్టార్ బిట్ పెట్టి బలంగా తిప్పితే జారి, తల అరిగిపోతుంది.

4. విప్పే వరుస

4.1. బీరువాను పూర్తిగా ఖాళీ చేసి, గోడకు బిగించిన పట్టీని విప్పండి. నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తీయండి. ప్రతి పలకకూ మాస్కింగ్ టేపు అంటించి పేరు, ముందు అంచు, పై అంచు రాయండి. ‘ఎడమ పక్క, ముందు, పైకి’ అన్న ఆ మూడు మాటలు తరువాత గంటల పని తప్పిస్తాయి.

4.2. ముందు తలుపులు, ఆ తరువాత సొరుగులు, కదిలే అరలు తీయండి. కీలును తలుపు నుంచి ఊడదీయకుండా, లోపలి పలకకు ఉన్న ప్లేటు నుంచి విడదీస్తే సర్దుబాటు చాలావరకు నిలుస్తుంది.

4.3. దుప్పటి పరిచి, బీరువాను ముఖం కిందికి వచ్చేలా ఇద్దరు కలిసి పడుకోబెట్టండి. ఈ పని ఒక్కరు చేయకూడదు.

4.4. ఇప్పుడు వెనక పలక తీయాలి. సాధారణంగా అది 3 మి.మీ. మందం ఉండి, చిన్న మేకులతో గానీ, గాడిలో గానీ ఉంటుంది. మేకులుంటే పుట్టీ పట్టే రేకును కిందికి దూర్చి కొంచెం కొంచెంగా లేపండి. చట్రాన్ని మూలమట్టానికి నిలిపేది ఈ పలుచని పలకే. అది లేనప్పుడు చట్రాన్ని నిలబెట్టినా, ఈడ్చినా ఒక పక్కకు ఒరిగి రంధ్రాలు చిరిగిపోతాయి.

4.5. చివరగా చెడిన పక్క పలకను విప్పండి. వడ్రంగులు మినీఫిక్స్ అనే గుండ్రని లాక్ తల మీద చిన్న బాణం గుర్తు ఉంటుంది. లాక్‌ను అపసవ్యంగా దాదాపు అర చుట్టు తిప్పి, బాణం పలక అంచు వైపు, అంటే బోల్టు వచ్చే దిక్కుకు చూసేలా పెడితేనే బోల్టు వదులుతుంది. అప్పుడు పలకను నేరుగా బయటికి లాగాలి. ఒక మూల నుంచి మెలితిప్పి లాగితే చెక్క డోవెల్ చుట్టూ ఉన్న బోర్డు పెచ్చులూడుతుంది. డోవెల్ జిగురుతో అతుక్కుపోయి రాకపోతే సన్నని రంపపు అలుగుతో సందులో కోసేసి, మిగిలిన ముక్కను 8 మి.మీ. బిట్‌తో తొలగించండి.

4.6. ఒక్కో పలక నుంచి వచ్చిన స్క్రూలను ఒక్కో కవర్లో వేసి, పేరు రాయండి.

5. మార్చకుండా సరిచేయగల లోపాలు

5.1. గుల్లబారిన స్క్రూ రంధ్రం. అగ్గిపుల్లలు దూర్చి స్క్రూ బిగించడం కొన్నాళ్లకే పనికొస్తుంది. రంధ్రాన్ని 8 మి.మీ.కు పెద్దది చేసి, పొడి ఊది, తెల్ల జిగురు పూసిన చెక్క డోవెల్‌ను దించి, 24 గంటలు ఆరనిచ్చి, అంచుకు సమంగా కోసేయండి. ఆ తరువాత దాని నడుమ 2.5–3 మి.మీ. రంధ్రం చేసి స్క్రూ బిగించండి. పలక మందం 16 మి.మీ. అయితే బిట్‌కు 12 మి.మీ. దగ్గర టేపు చుట్టుకోండి. లేకపోతే బిట్ అవతలి ముఖంలోకి పొడుచుకువస్తుంది.

5.2. ఊడిన తలుపు కీలు. స్క్రూలు మాత్రమే వదులైతే పై పద్ధతి సరిపోతుంది. కీలు కూర్చునే 35 మి.మీ. గుండ్రని గుంట చుట్టూ ఉన్న బోర్డే విరిగితే, ముక్కలను ఎపాక్సీతో తిరిగి కూర్చి, తలుపు ముఖం వైపు పాలిథిన్ కాగితం, చెక్క ముక్క పెట్టి క్లాంపు వేయండి. ఒక రోజు ఆరాక స్టీలు రిపేరు ప్లేటు మీదుగా కీలు బిగించండి. ఈ ప్లేట్లు హార్డ్‌వేర్ దుకాణాల్లోనూ ఆన్‌లైన్‌లోనూ దొరుకుతాయి. అదే తలుపు మళ్లీ ఊడితే కీలు కాదు, తలుపు బరువు గానీ, బీరువా ఒరుగు గానీ కారణమని గ్రహించాలి.

5.3. లేచిన అంచు పట్టీ. పాత జిగురును ముందు గీకేయండి. జిగురు పూసి వచ్చే పట్టీ అయితే ఇస్త్రీ పెట్టెను మధ్యస్థమైన వేడిలో ఉంచి, నడుమ తెల్ల కాగితం వేసి ఒత్తి, వెంటనే చెక్క ముక్కతో రుద్దుతూ చల్లారనివ్వాలి. పీవీసీ పట్టీ ఎక్కువ వేడికి ముడుచుకుంటుంది. దానికి మైకా అతికించే రబ్బరు జిగురు నయం: రెండు వైపులా పూసి, చేతికి అంటనంతగా ఆరాక ఒక్కసారే అతికించాలి. అతికాక జరపడం కుదరదు.

5.4. విరిగిన మూల, స్వల్పంగా ఉబ్బిన అంచు. మూలకు రెండు వైపులా టేపు చుట్టిన స్కేలు ముక్కలను గోడల్లా నిలిపి, మధ్యలో ఎం-సీల్ నింపి, గట్టిపడ్డాక 120, ఆపై 220 ఉప్పుకాగితంతో రుద్దండి. రంగు ఫర్నిచర్ మార్కర్‌తో దగ్గరగా వస్తుంది కానీ, పగటి వెలుతురులో కొంచెం తేడా తెలుస్తూనే ఉంటుంది. ఉబ్బిన అంచునైతే బాగా ఆరాక పలుచని సూపర్ గ్లూ పీల్పించి, పాలిథిన్ చుట్టిన రెండు చెక్కల నడుమ క్లాంపుతో బిగించి, ఆరాక మిగిలిన ఎత్తును రుద్దేయాలి.

5.5. కుంగిన అర. తిరగేసి పెడితే కొన్ని నెలలు గడుస్తాయి. శాశ్వతంగా కావాలంటే ముందు అంచు కింద చెక్క పట్టీ గానీ అల్యూమినియం యాంగిల్ గానీ బిగించాలి. పుస్తకాలు ఒకే విధంగా పేర్చిన అర పొడవు రెట్టింపైతే కుంగడం 16 రెట్లవుతుంది. అదే మందాన్ని 18 నుంచి 25 మి.మీ.కు పెంచితే కుంగడం మూడో వంతుకు దగ్గరగా తగ్గుతుంది. కాబట్టి పొడవైన అరకు మందమైన బోర్డు కొనడం కన్నా నడుమ ఒక నిలువు ఆధారం పెట్టడం చవక, ఫలితమూ ఎక్కువ.

6. కొత్త పలక చేయించడం

6.1. పాత పలకే మీ నమూనా. కొత్తది బిగించే వరకు పాతదాన్ని పారేయకండి. పొడవు, వెడల్పులను మూడేసి చోట్ల కొలవండి. అడుగు ఉబ్బి పాత పలక పొడవు నమ్మకంగా లేకపోతే, రెండో వైపున ఉన్న మంచి పక్క పలకను కొలవండి. అవి రెండూ ఒకే కొలతలో ఉంటాయి, కానీ అద్దంలో ప్రతిబింబంలా ఎడమ కుడి తారుమారుగా ఉంటాయి. ఈ పనిలో ఎక్కువ బోర్డు వృథా అయ్యేది ఈ ఒక్క సంగతి మరచిపోవడం వల్లే.

6.2. మందం. పాత పలక మందాన్ని ఉబ్బని చోట వెర్నియర్‌తో కొలవండి. ఇక్కడి దుకాణాల్లో తేలిగ్గా దొరికేది 18 మి.మీ.; చాలా కంపెనీల పలకలు 16 మి.మీ. ఉంటాయి. పక్క పలక ఒక్కదాన్నే 18కి మారిస్తే బీరువా బయటి వెడల్పు 2 మి.మీ. పెరుగుతుంది, తలుపుల సందు కీళ్ల మర సర్దుబాటుతో సరిపోతుంది. కానీ లాక్‌లు ఉండే అడుగు పలక, పై పలకల మందం మారితే అంచు రంధ్రాల మధ్యబిందువు 8 నుంచి 9 మి.మీ.కు జరిగి, పాత జతతో ఒక మి.మీ. మెట్టు వస్తుంది. అటువంటప్పుడు కనిపించే ముఖాన్ని ఆధారంగా తీసుకుని, అన్ని కొలతలూ ఆ ముఖం నుంచే గీయండి. తేడా అంతా కనిపించని వైపుకు పోతుంది.

6.3. ఏ బోర్డు? ప్రీలామినేటెడ్ పార్టికల్ బోర్డు అయితే ఐఎస్ (భారతీయ ప్రమాణం) 12823 గుర్తున్నది, రెండు వైపులా లామినేట్ ఉన్నది అడగండి. ఒకవైపే లామినేట్ ఉన్న బోర్డు తేమకు వంగిపోతుంది. నేలకు ఆనే పలకకు, తడి తగిలే గదికి నీటిని తట్టుకునే ఐఎస్ 710 ప్లైవుడ్ మెరుగు. అయితే ప్లైవుడ్‌కు రెండు వైపులా మైకా అతికించాలి కాబట్టి ఆ మందాన్నీ లెక్కలోకి తీసుకోండి. 16 మి.మీ. ప్లైవుడ్‌కు ఒక్కో వైపు 1 మి.మీ. మైకా చేరితే 18 మి.మీ. అవుతుంది.

6.4. కోయించడం. ఒక పలక కోసం 8×4 అడుగుల షీటు కొనక్కరలేదు. మాడ్యులర్ కిచెన్‌లు చేసే వర్క్‌షాపుల్లో మిగిలిన ముక్కలు ఉంటాయి. వాళ్ల దగ్గర ప్యానెల్ సా (పలకలు కోసే రంపపు యంత్రం), అంచు పట్టీ యంత్రం రెండూ ఉంటాయి కాబట్టి ఒకే చోట పని పూర్తవుతుంది. వారికి ఇచ్చే చీటీలో ఇవి రాయండి:

- పూర్తయ్యాక ఉండవలసిన పొడవు, వెడల్పు, మందం, మి.మీ.లలో
- చెక్క గీతలున్న డిజైన్ అయితే గీతలు ఏ దిక్కున నడవాలో
- ఏ అంచులకు ఎంత మందపు పట్టీ వేయాలో. పట్టీ మందం తీసేసి కోయమని స్పష్టంగా చెప్పండి. ఇరువైపులా 2 మి.మీ. పట్టీ వేసేటప్పుడు బోర్డును 4 మి.మీ. తక్కువకు కోయాలి
- అడుగు అంచుకు కూడా పట్టీ వేయాలని

అడుగులు, అంగుళాల్లో రాస్తే పొరపాటు జరగడం ఖాయం.

6.5. రంధ్రాలను దింపుకోవడం. పాత పలక లోపలి ముఖం మీద పెద్ద గోధుమరంగు ప్యాకింగ్ కాగితం పరచి, చెడని మూలకు, అంటే మన ఉదాహరణలో పై ముందు మూలకు, సరిగ్గా ఆనించి టేపు వేయండి. మెత్తని పెన్సిలును పడుకోబెట్టి కాగితమంతా తేలిగ్గా రుద్దితే ప్రతి రంధ్రపు అంచూ నల్లని వలయంగా తేలుతుంది. ఆ వలయాల నడుమ దబ్బనంతో గుచ్చి, పక్కన రంధ్రపు వ్యాసం, లోతు రాయండి. ఆ కాగితాన్ని కొత్త పలక మీద అదే మూలకు ఆనించి, మళ్లీ గుచ్చితే గుర్తులు దిగుతాయి. మంచి పలక నుంచి నమూనా తీసినట్లయితే కాగితాన్ని బోర్లించి వాడాలి.

సాధారణంగా కనిపించే కొలతలు ఇవి. మీ పలక కొలతతో సరిచూసుకున్నాకే వాడండి:

- అరల పిన్నులు: 5 మి.మీ. వ్యాసం, ఒకదానికొకటి 32 మి.మీ. దూరం
- కీలు ప్లేటు: ముందు అంచు నుంచి 37 మి.మీ.
- చెక్క డోవెల్: 8 మి.మీ.
- మినీఫిక్స్ లాక్: 15 మి.మీ. వ్యాసం, 16 మి.మీ. బోర్డులో లోతు సుమారు 12.5 మి.మీ.; అంచు నుంచి మధ్యబిందువు 24 లేదా 34 మి.మీ.

పక్క పలకలో సాధారణంగా బోల్టు, డోవెల్, పిన్ను, కీలు ప్లేటు రంధ్రాలు మాత్రమే ఉంటాయి. పెద్ద లాక్ రంధ్రాలు అడ్డ పలకల్లో ఉంటాయి. కాబట్టి మొదటిసారి చేసేవారికి పక్క పలకే తేలిక.

6.6. రంధ్రాలు వేయడం. ముందు మిగిలిన ముక్క మీద ఒక రంధ్రం వేసి, అందులో బోల్టు, డోవెల్ పెట్టి చూడండి. బిట్‌కు లోతు గుర్తుగా టేపు చుట్టండి. పలక కింద చదునైన చెక్క ఉంచి, మెషిన్‌ను నిటారుగా పట్టుకుని, ముందు సన్నని బిట్‌తో దారి చేసి, తరువాత అసలు బిట్ వాడండి. 15, 35 మి.మీ. కట్టర్లకు నడుమ మొన ఉంటుంది. లోతు సరిగానే ఉన్నా ఆ మొన అవతలికి పొడుచుకురావచ్చు. ముక్క మీద చూసుకోమన్నది అందుకే.

రంధ్రం ఒకటి రెండు మి.మీ. పక్కకు పడితే దాన్ని సాగదీయకండి. డోవెల్, జిగురుతో పూడ్చి, ఆరాక సరైన చోట మళ్లీ వేయండి.

7. తిరిగి బిగించడం

7.1. నేల చదునుగా ఉన్నచోట పక్క పలకను పడుకోబెట్టి బోల్టులను చేత్తో, చివర స్క్రూడ్రైవర్‌తో నిటారుగా దించండి. బోల్టు మెడ పలకకు ఆనాలి. ఇంకా తిప్పితే మర తెగుతుంది.

7.2. అడ్డ పలకలన్నీ కూర్చి, లాక్‌లను సగమే బిగించండి. అన్నీ కూర్చాకే పూర్తిగా బిగించాలి. ఇక్కడ పవర్ మెషిన్ వాడవద్దు.

7.3. వెనక పలక వేసేముందు రెండు కర్ణాలనూ కొలవండి. తేడా 2 మి.మీ. లోపు వచ్చేదాకా పొడవైన కర్ణం వైపు మూలలను లోపలికి నొక్కి సరిచేయండి. అప్పుడే మేకులు కొట్టండి. తలుపులు సరిగా పడకపోతే చాలామంది కీళ్లను తిప్పుతూ కూర్చుంటారు. తప్పు చాలాసార్లు ఈ దశలోనే జరిగి ఉంటుంది.

7.4. నిలబెట్టి, మట్టం చూసి, కింద ప్లాస్టిక్ బుష్‌లు గానీ చిన్న కాళ్లు గానీ వేసి నేల నుంచి కొంచెం పైకి లేపండి. తడిగుడ్డ నీరు పలకకు తగలకుండా ఉండటానికి ఇంతకన్నా చవకైన మార్గం లేదు.

7.5. గోడకు తప్పనిసరిగా బిగించండి. పిల్లలు సొరుగులను మెట్లుగా వాడతారు. అమెరికాలో 27 అంగుళాలు, అంతకన్నా ఎత్తున్న బట్టల సొరుగులకు 2023 సెప్టెంబరు నుంచి నిలకడ ప్రమాణం తప్పనిసరైంది. అక్కడ పాత సామాను కొనే మనవాళ్లు గోడ పట్టీ ఉందో లేదో అడిగి తీసుకోవాలి. మన కొత్త అపార్టుమెంట్లలో గోడలు తేలికపాటి ఏఏసీ ఇటుకలవైతే మామూలు ప్లాస్టిక్ ప్లగ్ పట్టు నిలవదు, ఆ ఇటుకలకే చేసిన యాంకర్ అడిగి కొనండి.

7.6. చివరగా తలుపులు. కీలు మీదున్న మరల్లో ఒకటి తలుపును పక్కకు, ఒకటి లోపలికి బయటికి జరుపుతుంది. పైకి కిందికి జరపడం ప్లేటు స్క్రూలతో అవుతుంది. పై కీలును సరిచేశాక కింది కీలును సరిచేయండి. ఒక నెల వాడాక లాక్‌లను, కీళ్లను ఒకసారి చేత్తో బిగించి చూడండి.

8. పాత పలక

కొత్తది బిగించి, తలుపులు సరిగా పడ్డాయని తేలాక పాత పలకలో మంచి భాగాన్ని కోసి దాచుకుంటే, ఇతర పలకలకు బిట్ లోతు సరిచూసుకునే ముక్కగా పనికొస్తుంది. మిగిలినదాన్ని భోగి మంటలో గానీ, నీళ్ల పొయ్యిలో గానీ వేయకండి. రెసిన్, లామినేట్, పీవీసీ పట్టీ కాలినప్పుడు వచ్చే పొగ హానికరం. ముక్కలు చేసి మున్సిపాలిటీ పెద్ద చెత్త తీసుకువెళ్లేవారికి ఇవ్వండి. చెదలు పట్టినదైతే ఆ రోజే ఇంటి నుంచి బయటికి పంపండి.